నాలుగు కిలోమీటర్ల బండి

బండి కొనబోయేవాణ్ణి షోరూమ్‌లో రెండే అడుగుతారు: ఎంత బరువు వేస్తారు, రోజుకి ఎంత దూరం తిరుగుతారు. రోజుకి ఎన్నిసార్లు స్టార్టు చేస్తారని అడగరు. పోయినేడాది మా బాబాయి కోసం పికప్ బండి వెతుకుతున్నప్పుడు, మిగతా లెక్కలన్నిటికన్నా ఎవరూ అడగని ఆ లెక్కే ముఖ్యమని తెలిసింది.

బాబాయికి తెనాలిలో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది. ప్లాంటంటే పెద్దదేం కాదు. ఇంటి పక్కన రేకుల షెడ్డు, ఒక ఆర్వో మిషను, వంద దాకా ఇరవై లీటర్ల క్యాన్లు. ఇళ్లకీ, షాపులకీ, రెండు స్కూళ్లకీ వేస్తాడు. ట్రిప్పుకి 30 క్యాన్లు, అంటే నీళ్ల బరువే 600 కేజీలు. అన్నీ నాలుగు కిలోమీటర్ల లోపే. ఇన్నాళ్లూ లాక్కొచ్చిన ట్రాలీ ఆటో ఇక మొరాయిస్తోంది. "డీజిల్ పికప్ తీసుకుందామనుకుంటున్నా. ఏది మంచిదో చూసి చెప్పరా" అన్నాడు. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన నాలాంటివాడికి మా ఇళ్లల్లో ఫ్యాను రెగ్యులేటరు దగ్గర్నుంచి గేర్‌బాక్సు దాకా అన్నిటి గురించీ ఫోన్లు వస్తాయి.

డీజిల్ అన్నది మాత్రం ఆయన ముందే తేల్చేసుకున్నాడు. అందులో వింతేం లేదు. బాబాయి 22 ఏళ్లు లారీ నడిపాడు. చెన్నై నుంచి కలకత్తా వెళ్లే హైవే ఇప్పుడు పదహారో నంబరు, ఆయనకి ఇంకా ఐదో నంబరే. ఏ ఊరి దగ్గర టీ బాగుంటుందో, ఏ ఘాట్‌లో ఏ గేరు వెయ్యాలో ఇప్పటికీ చెప్తాడు. ఆయన లెక్కలో పెట్రోలంటే స్కూటర్లకీ, షికారు కార్లకీ పోసేది. బరువు లాగాలంటే డీజిలే.

మా ఆఫీసులో కొత్త సర్వరు తీసుకోవాలంటే ముందు పాతదాని లాగ్స్ చూస్తాం. దాని మీద ఎంత లోడు పడుతోంది, ఎప్పుడు పడుతోంది, మధ్యలో ఎంతసేపు ఖాళీగా ఉంటోంది. ఆ అలవాటు కొద్దీ ఒక వారం పాటు బండి స్టార్టు చేసిన టైమూ ఆపిన టైమూ రాయమన్నాను. "లారీకే లాగ్‌బుక్కు సరిగ్గా రాయలేదు, నీళ్లబండికి రాయమంటావేంట్రా" అని బాబాయి విసుక్కున్నాడు. ఆయన ఫోన్ చేసి చెప్తూ ఉంటే పిన్ని రాసింది. వారం తర్వాత ఆ పేజీల ఫోటోలు పంపింది. సగటున రోజుకి 18 కిలోమీటర్లు, 46 స్టార్టులు. ఆ వారం మొత్తంలో ఇంజను ఆగకుండా నడిచిన పెద్ద ప్రయాణం 11 నిమిషాలు.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆరుంపావుకి ఒక స్టార్టు ఉంది. దాని పక్కన షాపు పేరు గానీ క్యాన్ల లెక్క గానీ రాయలేదు. అవి పిన్ని డయాలసిస్ రోజులు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. హాస్పిటల్ మూడు కిలోమీటర్లు. బాబాయి లారీ మానేసింది అందుకే. నీళ్ల ప్లాంటు పెట్టిందీ, నాలుగు కిలోమీటర్లు దాటి గిరాకీ ఒప్పుకోనిదీ అందుకే.

ఇక ఇంజను సంగతి. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజను గాలిని పదోవంతుకు కాస్త అటూ ఇటూగా నొక్కితే, డీజిల్ ఇంజను పదహారో వంతుకో అంతకన్నా తక్కువకో నొక్కుతుంది. ఆ ఒత్తిడి తట్టుకోవాలంటే లోహం మందంగా, బరువుగా ఉండాలి. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజనుని పరీక్షిస్తే ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకి పైగా పనిగా మారింది. అప్పటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. వేడిని తక్కువ వృథా చెయ్యడమే దాని గొప్ప. కానీ వృథా అయ్యే ఆ వేడితోనే కదా ఇంజను ఒళ్లు వెచ్చబడాలి. బరువేమో ఎక్కువ, మిగిలే వేడేమో తక్కువ. అందుకే డీజిల్ ఇంజను మెల్లగా వేడెక్కుతుంది. దూరం పోయేవాడికి ఇది అసలు సమస్యే కాదు. 11 నిమిషాలవాడికి ఇదే సమస్య.

దీనికి తోడు 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఇప్పటి డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. తేనెపట్టులాంటి గదులున్న పింగాణీ దిమ్మ. మసిని బయటికి వదలకుండా పట్టుకుంటుంది. పట్టుకున్న మసిని ఎప్పటికప్పుడు కాల్చెయ్యాలి, దానికి 600 డిగ్రీల దాకా వేడి కావాలి. హైవే మీద ఆ వేడి సులువుగా వస్తుంది. ఊళ్లో రాకపోతే ఇంజను కాస్త డీజిల్ అదనంగా చిమ్మి వేడి పుట్టించబోతుంది. సరిగ్గా అప్పుడే మనం ఏ కిరాణా షాపు ముందో తాళం తిప్పేస్తాం. మసి సగం కాలి ఆగిపోతుంది, మిగిలిన డీజిల్లో కొంత సిలిండరు గోడల వెంట దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. ఇలా పదేపదే జరిగితే ఆయిల్ పల్చబడుతుంది, ఫిల్టరు పూడుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. చివరికి ఫిల్టరే మార్చాల్సొస్తే ఆ బిల్లు చిన్నది కాదు.

ఇదంతా చెప్తే బాబాయి శ్రద్ధగా విన్నాడు. ఇంజను గురించి ఎవరేం చెప్పినా ఆయన వింటాడు. చివర్లో "హైవే మీద అరగంట తోలితే మసి కాలిపోద్దిగా?" అన్నాడు. కాలిపోతుందన్నాను. "అంతేగా మరి. రేపు విజయవాడ లోడు దొరికిందనుకో, రోజూ హైవేనే."

స్పీకర్ ఫోనులో పిన్ని గొంతు వినపడింది. "దొరికితే ఎప్పుడు పోతావు? మంగళవారమా, గురువారమా?"

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. బాబాయి అడుగుతున్నది బండి గురించి మాత్రమే కాదని నాకు అప్పుడు అర్థమైంది. డీజిల్ పికప్ ఆయనకి లారీ తాలూకు మిగులు. అది ఇంట్లో ఉన్నంతకాలం మళ్లీ ఎప్పుడో ఒక రోజు రోడ్డెక్కొచ్చు అన్న మాట బతికే ఉంటుంది. పెట్రోలు బండి కొనడమంటే ఇక ఈ నాలుగు కిలోమీటర్లే అని సంతకం పెట్టడం. ఆ సంతకం పెట్టమని హైదరాబాదులో కూర్చుని నేను చెప్పాలి.

నేను పుస్తకాల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను. మా సమీక్షకుల్లో కూడా ఈ డీజిల్ మోజు ఉంది. ఎన్ని తరాల కథ, ఎన్ని వందల పేజీలు అన్నదాన్ని బట్టి రచయిత దమ్ము కొలుస్తాం. అమీర్‌పేటలో రైలెక్కి రాయదుర్గంలో దిగేలోపు అయిపోయే కథని "చక్కగా ఉంది" అని ఒక మాటతో దాటేస్తాం. కానీ మొదటి పేరాలోనే వేడెక్కి, నాలుగో పేజీలో చెయ్యాల్సిన పని చేసి ఆగిపోవడం ఎంత కష్టమో రాయబోయినవాళ్లకి తెలుసు. ఇంజన్ల విషయంలోనూ అంతే. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆయిల్ ఇంకా చల్లగా ఉన్న ఆ మొదటి నిమిషాల్లోనే. చిన్న ప్రయాణం తేలిక పనేం కాదు. ఆ మాటే బాబాయితో అన్నాను, కథల సంగతి తీసుకురాకుండా. "18 కిలోమీటర్లే అని చులకనగా చూడకు బాబాయ్. లారీ రోజుకి నాలుగుసార్లు స్టార్టయ్యేది, దీన్ని నువ్వు 46 సార్లు లేపుతున్నావు" అన్నాను. నవ్వాడు.

తర్వాత లెక్కలేసుకున్నాం. నెలకి సుమారు 450 కిలోమీటర్లు. డీజిల్ లీటరుకి 20 ఇచ్చి పెట్రోలు 14 ఇచ్చిందనుకున్నా, తేడా నెలకి పది లీటర్ల లోపే. డీజిల్ బండికి ముందే కట్టే అదనపు ధర ఆ తేడాతో తీరాలంటే ఏళ్లు పడుతుంది. సీఎన్‌జీ చూశాం. గ్యాసు ఆయిల్లో కలవదు, అది మంచిదే. కానీ ఆ బండ్లలో చాలావరకు ముందు పెట్రోలుతో స్టార్టయి, కాస్త వేడెక్కాకే గ్యాసుకి మారతాయి. ఇంత చిన్న ప్రయాణాల్లో గ్యాసు మీద నడిచేది ఎంత? పైగా సిలిండరు బరువు మొయ్యాలి, బంకు దగ్గర క్యూలో నిలబడాలి.

ఇంజనీరుగా అడిగితే నా ఓటు ఎలక్ట్రిక్‌కి. వేడెక్కాల్సిన ఇంజనే లేదు, 46 సార్లు ఆపినా దానికి లెక్కలేదు, రోజుకి 18 కిలోమీటర్లు దానికి నడకతో సమానం. అదే చెప్పాను. బాబాయి అభ్యంతరాలు రెండు. చేతి నుంచి ముందు కట్టాల్సిన డబ్బు ఆయన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ. రెండోది, "శుక్రవారం పొద్దున్న ఆరింటికి ఆగిపోతే నేను ఎత్తి చూడ్డానికి అందులో ఏముంటదిరా?" డయాలసిస్ ఒక పూట తప్పితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ముందు నా ఓటు పెద్దదిగా అనిపించలేదు.

పెట్రోలు బండే తీసుకున్నారు. పెట్రోలు ఇంజనుకీ చిన్న ప్రయాణాలు ఇష్టం ఉండవు. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సైలెన్సరులో నీటి చెమ్మ ఆరదు, మైలేజీ పడిపోతుంది. కాకపోతే తొందరగా వేడెక్కుతుంది, పూడుకుపోవడానికి ఆ మసి ఫిల్టరు లేదు. రెండు జాగ్రత్తలు చెప్పాను. ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు చూడొద్దు, నెలలు చూడు. ఈ తిరుగుడు మీద కిలోమీటర్ల లెక్క నిండేసరికి ఆయిల్ ఎప్పుడో పాడైపోతుంది. రెండోది, వారానికి ఒక్కసారైనా అరగంట ఆపకుండా తోలు, లోపలి చెమ్మంతా ఆరిపోతుంది.

మొదటిది పిన్ని క్యాలెండరు మీద రాసిపెట్టింది. రెండోదానికి ఆదివారం పెట్టుకున్నారు. క్యాన్లన్నీ దించేసి, ఇద్దరూ ముందు సీట్లో కూర్చుని దుగ్గిరాల వైపు పోయొస్తారు. మొన్న ఫోన్ చేసినప్పుడు ఇంజను ఎలా ఉందని అడిగాను. "దానికేం, బానే ఉంది" అన్నాడు బాబాయి. పక్కనుంచి పిన్ని, "నిన్న దుగ్గిరాల దాటి ఇంకో నాలుగు మైళ్లు తీసుకుపోయాడురా, ఇంజను ఇంకా వేడెక్కలేదంట" అంది.