కోరుట్లలో సీరము పరీక్ష

కరీంనగరము విడిచి, కొండగట్టు అంజన్న సన్నిధిని దాటి, జగిత్యాల మీదుగా పడమరకు సాగు బాటకిరుప్రక్కల పచ్చని వరిపొలములు కన్నులపండువు గావింపగా, నేను కోరుట్ల పశువైద్య కళాశాలకు చేరుకొంటిని. పూర్వము కరీంనగరు జిల్లాలోనిదై 2016 నుండి జగిత్యాల జిల్లాకు చెందిన యీ పట్టణపు కళాశాల, ఆ పాతజిల్లాలోని వంగరలోనే పెరిగిన పి.వి. నరసింహారావుగారి పేరిట వెలసిన పశువైద్య విశ్వవిద్యాలయమున కనుబంధముగా నున్నది. పశువుల రక్తమున దాగిన రోగచరిత్రను రంగుగా మార్చి చూపు ఎలైసా పరీక్షను ప్రత్యక్షముగా చూడవలెనను కోరికయే నన్నచటికి నడిపించినది.

సూక్ష్మజీవశాస్త్ర విభాగపు బల్లమీద నొక మంచుపెట్టెయు, దానిలో గడ్డకట్టిన రక్తమునుండి వేరుచేసిన సీరము గల చిన్న గొట్టములును ఉండెను. వానిని గోదావరి కవతల ఆదిలాబాదు పల్లెలనుండి తెచ్చిన యువవైద్యుడు, “ఉట్నూరు దిక్కు ఓ ఇంట్ల రెండావులు ఒకదానెనుక ఒకటి ఈసుకపోయినయ్ సార్. పోయినేడు గూడ గిట్లనే అయిందట. ‘గిది మా గాచారమా’ అని ఆ ఇంటాయన అడిగిండు” అని చెప్పెను. పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూజించి ఊరేగించు ఆ సీమలో, కడుపుతోనున్న ఆవు నెలలు నిండకయే దూడను జారవిడుచుట ఇంటిల్లిపాదికిని దుఃఖహేతువు. ఆ దుఃఖమునకు గల కారణములలో నొకటి, మనవారు ఈసుడు రోగమని పిలుచు బ్రూసెల్లోసిస్. అది పశువుతో నాగునది కాదు. పడిపోయిన మాయను వట్టిచేతులతో నెత్తిపారవేయువారికిని, కాచని పాలు త్రాగువారికిని సోకి, వచ్చుచు పోవుచుండు జ్వరముతోను కీళ్లనొప్పులతోను చిరకాలము బాధించును.

పరీక్షా విధానమును అధ్యాపకురాలు మిక్కిలి ఓపికతో వివరించిరి. తొంబదియారు గుంటలు గల ప్లాస్టిక్ పలకలో ప్రతి గుంట యడుగునను ముందుగనే బ్రూసెల్లా క్రిమి పైపొరనుండి తీసిన పదార్థము నంటించియుంచెదరు; సీరమును పలుచన చేసి పోసినప్పుడు, ఆ క్రిమిని పూర్వమెరిగిన పశువు రక్తములోని ప్రతిరక్షకములు దానిని పట్టుకొని నిలుచును, తక్కినవన్నియు కడుగునీటితో కొట్టుకొనిపోవును. అట్లు నిలిచిన ప్రతిరక్షకము కంటికి కనబడదు గదా! అందుచేత పశువుల ఇమ్యునోగ్లోబులినును మాత్రమే గుర్తించి పట్టుకొను మరియొక ప్రతిరక్షకమును, పెరాక్సిడేజు అను ఎంజైమును దానికి జతచేసి, పోయుదురు. ఎంజైము జతచేరిన ప్రతిరక్షకములతో పరీక్ష చేయు నీ పద్ధతిని 1971లో స్వీడను దేశమున ఎవా ఎంగ్వాలు, పీటరు పెర్ల్‌మన్ అనువారు ప్రకటించిరి.

పూర్వము ఈ రెండవ ప్రతిరక్షకమునకై కుందేలు వంటి జంతువునకు పశువుల ఇమ్యునోగ్లోబులిను నెక్కించి, దాని సీరమును గ్రహించెడివారు. అది జంతువు మారినకొలది మారుచుండెడిది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు ఎలుక ప్లీహకణమును, చావెరుగక వృద్ధిపొందు కర్కటకణముతో సంధానించి, ఒకే లక్ష్యము గల, మోనోక్లోనలు అనబడు ప్రతిరక్షకమును ఎంత కావలసిన నంత, ఎన్నడును మార్పులేకుండ ఉత్పత్తి చేయు మార్గమును కనుగొనిరి. 1984లో వారికి నోబెలు బహుమానము లభించెను. పశువులలో ఇమ్యునోగ్లోబులిను జి, ఎం, ఎ మొదలగు తరగతులున్నను, జి-1 అను ఉపభేదమును మాత్రమే పట్టుకొను మోనోక్లోనలు ప్రతిరక్షకము ఈ పరీక్షకు మిగుల నిక్కమైనదిగా నెన్నబడుచున్నది. ఆ జి-1 మహిమ నింకొకచోటను చూడవచ్చును: ఆవు మాయగుండా ప్రతిరక్షకములు దూడకు చేరవు, తల్లి రక్తములోని జి-1 జున్నుపాలలోనికి దిగి, పుట్టిన తొలిదినముననే దూడకు అందవలెను. జున్నుపాలన్నియు పిండి పంచిపెట్టి దూడను పస్తుంచువారికి ఈ సంగతి ఎవరైనను చెప్పిన బాగుండునని నాకు తోచెను.

చివరకు, ఆ ఎంజైము తాకినచో రంగు తేలు ద్రవమును పోసిరి. తెలిసిన రోగపశువు సీరమును, ఆరోగ్యపశువు సీరమును వేసిన గుంటలు పోలికకై మొదటి వరుసలో నుండగా, నిముషములు గడచినకొలది రోగపశువు గుంటలో నీలివన్నె పొడసూపి చిక్కబడెను. ఆరోగ్యపశువుది తేటగనే నిలిచెను. ఆపై గంధకికామ్లపు చుక్క పడగానే నీలము తంగేడుపూవు పసుపుగా మారినది. ఉట్నూరు గొట్టములలో ఒక ఆవుది గాఢమైన పసుపు; రెండవదానిది సందేహాస్పదమగు లేతవన్నె. యంత్రము 450 నానోమీటర్ల కాంతిలో కొలిచి అంకెలిచ్చినను, నా కన్ను ముందే గ్రహించినది.

“ఈ రంగొక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదండీ. ఈ రోగానికి వేసే ఎస్-19 టీకా పడిన పశువులో కూడా ఇలాగే రావచ్చు. లేతగా వచ్చిన దానికి మళ్ళీ రక్తం తీయించి చూస్తాం” అని అధ్యాపకురాలనిరి. నాలుగు మొదలు ఎనిమిది నెలల వయసు గల పెయ్యదూడలకు ఒక్కసారి ఆ టీకా వేయుట, 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో భాగము. ప్రయోగశాల యెంత సూక్ష్మమైనదైనను, పల్లెలో ఏ పశువున కెప్పుడు టీకా పడినదో వ్రాసియుంచు పల్లె పశుసేవకుడగు గోపాలమిత్ర పుస్తకము లేనిచో దాని పలుకు అసంపూర్ణమేయని నా దృఢవిశ్వాసము.

యువవైద్యుడు ఉట్నూరు వారికి తెలుపవలసినవి వ్రాసికొనెను: గాఢమైన పసుపు వచ్చిన ఆవును వేరుగా కట్టవలెను, పాలు కాచి త్రాగవలెను, మాయను సున్నముతో లోతుగా పూడ్చవలెను, ఇంటివారు ఆసుపత్రిలో రక్తము చూపించుకొనవలెను, మందలోని మిగిలిన పశువుల రక్తమును తానే వచ్చి తీయును.