క్లచ్ కాలు

పోయిన ఆదివారం మన సంఘం గది ఫోటో పెట్టినప్పటి నుంచి ఒకటే ప్రశ్న. ఆ కార్ ఆట డబ్బా ఎక్కడిది, దాని పెడల్స్ అంత ఎడమకి ఎందుకున్నాయి, తప్పు బిగించారా అని. ఇప్పుడు తప్పు లేదు. రెండుసార్లు తప్పు చేశాకే అవి అక్కడికి వచ్చాయి. కథ కొంచెం పొడుగు, చాయ్ పెట్టుకుని చదవండి.

కామాటిపురాలో ఉన్నవాళ్లకు ఒక సుఖం ఉంది. ఒకవైపు నడిస్తే చోర్ బజార్, ఇంకోవైపు నడిస్తే లామింగ్టన్ రోడ్. పాత సామాను అక్కడ దొరుకుతుంది, దాన్ని బతికించే సామాను ఇక్కడ దొరుకుతుంది. ఎక్కడో గేమ్ జోన్ ఎత్తేస్తే ఆ భంగార్ చోర్ బజార్ చేరింది. అందులో ఒక స్టీరింగు, రెండు పెడల్స్ ఉన్న పెట్టె, పగిలిన డబ్బా మాకు దొరికాయి. తెర లేదు, లోపలి బోర్డు లేదు. మన పిల్లలేమో పాత కంప్యూటర్‌కు తగిలిద్దామన్నారు.

మీటింగులో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. మా చిన్నప్పుడు గల్లీ మూలన వీడియో గేమ్ పార్లర్ ఉండేది. బడి ఎగ్గొట్టి అక్కడ రూపాయి బిళ్లలు పోసినవాళ్లం మేమే. కాబట్టి వాళ్ల భయం ఉత్తదే అనడానికి మాకు నోరు రాలేదు. చివరికి ఆదివారం ఒక్కరోజే, పరీక్షల నెలలో తాళం అన్న ఒప్పందం మీద సరే అన్నారు.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆట స్టీరింగులు రెండు రకాలు. 1982లో వచ్చిన పోల్ పొజిషన్‌లో స్టీరింగు ఎంత తిప్పితే అంత తిరుగుతూనే ఉంటుంది. 1986లో సెగా వాళ్ల అవుట్ రన్‌లో అది రెండువైపులా ఒక హద్దు దగ్గర ఆగుతుంది. దాని వెనక పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే భాగం లాంటిది, పొటెన్షియోమీటర్, ఉంటుంది. మాది ఈ రెండో రకం. దానికి మూడు కాళ్లు. ఒక చివర ఐదు వోల్టులు, ఇంకో చివర గ్రౌండ్. మధ్య కాలు మీద ఎంత వోల్టేజీ వస్తుందో దాన్నిబట్టి స్టీరింగు ఎటు తిరిగిందో తెలుస్తుంది. ఆ మధ్య తీగను ఆర్డుయినో లియొనార్డో అనే చిన్న బోర్డుకు ఇస్తే, అది 0 నుంచి 1023 దాకా ఒక అంకెగా మారుస్తుంది. యూఎస్‌బీ తీగతో కలిపితే కంప్యూటర్ దాన్ని జాయ్‌స్టిక్ అనుకుంటుంది. పెడల్స్‌కూ ఇదే పద్ధతి. కొనేటప్పుడు లీనియర్ రకమే అడగండి. ఆడియో రకం తెస్తే సగం తిప్పేదాకా కదిలినట్టే ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరిపడుతుంది.

అన్నీ కలిపి అవుట్ రన్ పెడితే, స్టీరింగు నిటారుగా పట్టుకున్నా కారు ఎడమకే పోతోంది. మేము బోర్డు మార్చాం, తీగలు మార్చాం, ప్రోగ్రాం మార్చాం. అప్పుడు ఎదురు ఖోలీ గడపలోంచి ఒక గొంతు వినబడింది. "అలైన్‌మెంట్ పోయింది రా. స్టీరింగు ఇప్పి మళ్ల పెట్టుండ్రి."

అది టాక్సీ కాక గొంతు. నిజంగా అదే. పొటెన్షియోమీటర్ ఇరుసు స్క్రూ వదులు చేసి, స్టీరింగు నడిమికి పెట్టి, అంకె 512 దగ్గర ఉండేట్టు తిప్పి బిగిస్తే కారు తిన్నగా పోయింది.

కాక 35 ఏళ్లు పద్మినీ టాక్సీ నడిపారు. రెండేళ్ల కింద షుగర్ పుండు ముదిరి కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. అంతకుముందు సంఘం గదిలో క్యారమ్ బోర్డు ముందు ఆయనే, బతుకమ్మ పందిరికి ముందు నడిచేదీ ఆయనే. ఆ తర్వాత గడప దాటలేదు. గది మాత్రం ఆయనకు పది అడుగుల దూరంలోనే ఉంది. ఆ రోజు ఆయన అంతట ఆయన మాట్లాడేసరికి, కాకను ఈ డబ్బా మీద కూర్చోబెట్టాలని మాకు పట్టుదల వచ్చింది.

మొదటి తప్పు. కాలు లేదు కాబట్టి పెడల్ అక్కర్లేకుండా చేద్దామని, కారు ఎప్పుడూ పూర్తి వేగంతో పోయేట్టు ప్రోగ్రాం రాశాం. చెరోవైపు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక నిమిషం తిప్పి కాక చేతులు వదిలేశారు. "బండి దానంతట అదే పోతుంటే నేనెందుకు కూసున్న?" అని కర్ర అందుకుని వెళ్లిపోయారు. పొద్దున నల్లా దగ్గర చిన్నమ్మ చెప్పింది, "రాత్రి అన్నం తినలేదు బిడ్డా. నన్ను సవారీ లెక్క కూసోబెట్టిండ్రు అన్నడు."

రెండో తప్పు. చేతికి పని ఇద్దామని స్కూటర్ క్లచ్ లివర్ తెచ్చి, కేబుల్‌తో యాక్సిలరేటర్ పెడల్‌కు కట్టాం. ఆ పెడల్ స్ప్రింగు కాలి బలానికి చేసింది. మా చేతులే రెండు నిమిషాల్లో లాగేశాయి. పైగా ఒక చెయ్యి లివర్‌కు పోతే స్టీరింగుకు ఒక్కటే మిగిలింది. అయినా గొప్పగా పట్టుకుపోయి చూపించాం. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగారు.

"మీరు ఒక్కసారన్న నన్ను అడిగిండ్రా? తీసేసింది కుడికాలు. ఎడమకాలు ఏం పాపం చేసింది? 35 ఏండ్లు క్లచ్ తొక్కిన కాలు ఇది. మీ ఆటల క్లచ్చే లేకపాయె, ఖాళీగనే ఉన్నది గద."

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మూడు నెలలు లేని కాలినే చూశాం, ఉన్న కాలిని చూడలేదు.

పని చాలా చిన్నది. నాలుగు బోల్టులు విప్పి పెడల్ పెట్టెను ఎడమకి జరిపాం. అడుగు ప్లైవుడ్‌లో పొడుగు గాడులు కోసి చెవుల నట్లు పెట్టాం. కాకకు ఎడమకి, పిల్లలకు కుడికి, చేత్తోనే జరపొచ్చు. తీగను మూరెడు పెంచాం. మలుపుల్లో కుడిపక్కకు ఒరిగిపోతున్నారని సీటుకు ఆ పక్క మెత్త కట్టిన పలక బిగించాం.

అప్పుడొక కొత్త తంటా వచ్చింది. క్లచ్ అలవాటున్న కాలు దేన్నైనా నేలదాకా తొక్కేస్తుంది. యాక్సిలరేటర్ ముట్టుకుంటే పూర్తి వేగం, బ్రేక్ ముట్టుకుంటే బండి ఆగిపోవడం. ఈసారి ముందు కాకనే అడిగాం. "స్ప్రింగు గట్టిగ పెట్టుండ్రి, మొదట్ల మెల్లగ ఎక్కనియ్యుండ్రి" అన్నారు. స్ప్రింగు మార్చి, సగం నొక్కితే పావు వేగమే వచ్చేట్టు ప్రోగ్రాం మార్చాం. మిగతాది ఆయన కాలే నేర్చుకుంది, నాలుగు ఆదివారాల్లో.

గేరు కూడా ఆయన మాటే. ఈ ఆటలో లో, హై అని రెండే గేర్లు. పద్మినీలో గేరు నేల మీద కాదు, స్టీరింగు కిందనే. అక్కడే ఒక ఇనుప కడ్డీ, దాని వెనక చిన్న స్విచ్ పెట్టాం. 2023 అక్టోబర్ 30 నుంచి పద్మినీ టాక్సీ ముంబై రోడ్ల మీద లేదు. మా గదిలో దాని గేరు మాత్రం ఇంకా పడుతోంది.

మొదటిసారి తెరను సరిగ్గా చూసి కాక అన్న మాట పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. "డ్రైవరు తప్పు దిక్కు కూసున్నడు. సవారీ ముంగటి సీట్ల కూసున్నది. మీటరేది?"

ఇప్పుడు గది తాళం కాక దగ్గరే. పరీక్షల నెలలో ఎవరు బతిమాలినా ఇవ్వలేదు, పెద్దవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. ప్రతి ఆదివారం వస్తారని కాదు. లేని పాదం నొప్పి పెట్టే రోజులుంటాయి, ఆ రోజు తలుపు తీయరు. మేము పిలవం.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాం. డబ్బా పని అయ్యాక, ఇంకేమన్నా కావాలా కాకా అని అడిగాం. ఆట గురించి చెప్తారనుకున్నాం. కాసేపు ఆగి, "సండాసు కాడ మెట్టు ఎక్కస్తలేదు. పట్టుకోను ఏమన్న ఉంటే మంచిది" అన్నారు. రెండేళ్లుగా రోజూ ఆ మెట్టు ముందు ఆయన ఎవరో ఒకరి కోసం ఎదురుచూస్తున్నారు. పక్కనుంచే మేము బకెట్లు పట్టుకుని పోయాం.

ఇనుప పైపు తెచ్చి గోడకు బిగించడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

ఇప్పుడు మన గల్లీల్లో రీడెవలప్‌మెంట్ మాటలు నడుస్తున్నాయి. మీటింగుల్లో ఎన్ని చదరపు అడుగులు అనే అడుగుతున్నాం. మన చాలుల్లో కర్ర పట్టుకుని నడిచేవాళ్లు, మెట్లు దిగలేక పైనే ఉండిపోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఈ వారం మీ ఇంట్లోనో పక్క ఖోలీలోనో అలాంటివాళ్లుంటే, ఏం కావాలో వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పింది ఆదివారం గదికి వచ్చి మాకు చెప్పండి. డ్రిల్ మిషన్ మా దగ్గరుంది.