సింగూరు బీచి కబుర్లు

మే నెల వచ్చిందంటే పటాన్‌చెరు, రామచంద్రాపురం బస్తీల్లో శనివారం రాత్రి నుంచే మొదలు: "రేపు సింగూరుకు పోదామా?" బందరు వాళ్ళకు మంగినపూడి ఉంది, విశాఖ వాళ్ళకు ఆర్కే బీచి ఉంది. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళకు మంజీర నది మీది సింగూరు జలాశయం ఒడ్డే దిక్కు. టిక్కెట్టు లేదు, అడిగేవాళ్ళు లేరు. బండికి పెట్రోలు, డబ్బాలో పులిహోర, ఒక సీసా సల్ల ఉంటే చాలు. సంగారెడ్డి దాటి జోగిపేట రోడ్డు పట్టుకుంటే పుల్కల్ మండలంలో ఉంటుంది సింగూరు.

మా బీచికి ఒక వింత గుణం. ఎండలు ముదిరినకొద్దీ పెరుగుతుంది. ఉగాదికి గట్టు దగ్గరే ఉన్న నీళ్ళు రోహిణి కార్తెకు ఎక్కడికో జరిగిపోతాయి. నెర్రెలిచ్చిన బురద మీద పిల్లలు ఆల్చిప్పలు ఏరుకుంటారు, పక్కనే బర్రెలు మేస్తుంటాయి. సుమారు 30 టీఎంసీలు పట్టే ఈ జలాశయం 2016 ఎండాకాలంలో దాదాపు అడుగంటింది. అంటే అంతా బీచే, నీళ్ళే లేవు! హైదరాబాద్ కుళాయిలకు పోయేవి కూడా ఈ నీళ్ళే కాబట్టి పట్నంలోనూ గోల పుట్టింది. ఆ సెప్టెంబరులో వానలు పడి గేట్లు ఎత్తాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

దగ్గర్లో చెరువులు లేవా అంటే బోలెడున్నాయి. కానీ కంపెనీల రసాయనాల నీళ్ళ మీద ఈ ప్రాంతం నుంచి సుప్రీంకోర్టులో 1990లోనే కేసు పడింది. నక్కవాగు పేరు వింటే ఇప్పటికీ పెద్దవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఇంటి పక్క నీళ్ళను అలా చేసుకుని, కాళ్ళు తడుపుకోవడానికి ఇంత దూరం పోవడం మా తెలివి.

మొన్న ఒడ్డున ఒక నానమ్మ, మనవడు.

"బిడ్డా, మోకాళ్ళ లోతు దాటకు. మొసలి ఉంటది."

"ఏడుందే నానమ్మా, జర చూపియ్యి."

వాడు నవ్వాడు గానీ ముసలమ్మది ఉత్త బెదిరింపు కాదు. కింద కలబ్‌గూర్ వైపు మంజీర అభయారణ్యం 1978 నుంచీ ఉంది, అది మొసళ్ళ కోసం పెట్టిందే. మొసలి సంగతి అటుంచి, లోతు తెలియని గుంతలే అసలు భయం. ఈత వచ్చినవాళ్ళూ గట్టునే కూర్చుంటే మేలు.

ఇక సింగూరుకు పోయి చేప తినకుండా వచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు. బొచ్చె, రవ్వ ఎక్కువ. కొర్రమీను దొరికితే అదృష్టం, రాష్ట్ర చేప కదా, దాని రేటూ ఆ హోదాలోనే ఉంటుంది. కత్తిపీట మీద పొలుసు గీకి, గాట్లు పెట్టి, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద ఆ గాట్లలోకి దిగేలా వేలితో అదుముతారు. నల్లటి పెనం మీద ఒక వైపు పూర్తిగా కరకరలాడేదాకా తిప్పరు. తొందరపెట్టారో, "ఆగు సారూ, ఇరుగుతది" అని కసురుతారు. కంపెనీల్లో పనిచేసే బిహారు, ఒడిశా కుర్రాళ్ళు ఆటో మాట్లాడుకుని వస్తారు. వాళ్ళది ఇంకో పద్ధతి: ముందు మునగడం, తర్వాత తినడం. మా వాళ్ళది తిన్నాక చెట్టు కింద నిద్ర.

దారిలో మామిడి సంగతి మరవద్దు. సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానంలో రుమానీ, నీలం రకాలను కలిపి పుట్టించిన మామిడికీ మంజీర అనే పేరు. పీచు ఉండదు. ఎక్కడైనా కనిపిస్తే బేరం ఆడకుండా కొనేయండి.

మెదక్ వైపు చుట్టాలున్నవాళ్ళు ఏడుపాయలకు పోతారు. మంజీర అక్కడ ఏడు పాయలవుతుంది, వనదుర్గమ్మ దర్శనం, స్నానం రెండూ అయిపోతాయి. పైన సింగూరు నుంచి నీళ్ళు వదిలారా లేదా అని ముందు కనుక్కొని బయల్దేరండి, లేకపోతే స్నానం బకెట్‌తోనే.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తోంది. ఆ పూట చేప ముక్క నోట్లో పడాల్సిందేనని ఇంటింటా పట్టుదల. రేటు ఆకాశంలో ఉంటుంది, సింగూరు దారిలో బండ్ల వరస మొదలవుతుంది. ముందు ఆదివారమే పోయి రండి.