పక్కవాళ్ల కోసం ప్రార్థన

ప్రార్థన అంటే గది తలుపేసుకుని ఒంటరిగా చేసుకునేదని చాలామంది అనుకుంటాం. నిజమే. కానీ ఆ ఏకాంత ప్రార్థనకు లోతు నాకు మా గాజువాక గృహకూడికలోనే దొరికింది.

సాయంత్రం చాపలు పరుస్తారు. స్టీల్‌ప్లాంట్‌లో ఎ షిఫ్ట్ దిగి కాస్త కునుకు తీసి వచ్చిన అన్నయ్యలు, టిఫిన్ బండి సర్దేసి వచ్చిన అక్కలు కూర్చుంటారు. ముందు ఒక కీర్తన, తర్వాత ప్రార్థన మనవులు. ఒక పెద్దమ్మ తన మోకాళ్ల నొప్పి ఊసే ఎత్తదు. పక్కింటి అబ్బాయి కాంట్రాక్టు పని నిలబడాలని పేరుపెట్టి అడుగుతుంది. అది విన్నాక ఇంట్లో నా ప్రార్థన మారింది. నాకిది కావాలి, అది కావాలి అనడం తగ్గింది. కళ్లు మూసుకుంటే ఆ ముఖాలే గుర్తొస్తాయి. నోట మాట రాని రోజున కూడా నా కోసం ఎవరో అడుగుతున్నారన్న ధైర్యం ఉంటుంది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ మా ఊరు విశాఖకు వచ్చినప్పుడు వాళ్లదీ చిన్న బృందమే. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం ఇక్కడే మొదలుపెట్టారు. ప్రార్థనలో తోడుకు పెద్ద గుంపు అక్కర్లేదు.

మీ వీధిలో కూడిక ఉంటే ఈ వారం వెళ్లండి. నలుగురిలో ప్రార్థించడం రాకపోయినా పర్లేదు. పక్కవాళ్ల మనవికి మనసారా ఆమెన్ అనండి, చాలు.