వెట్టి కాని ఉచితం

మా నాయిన డప్పు కొట్టేవాడు. ఊళ్ళో ఎవరు చచ్చిపోయినా ముందు మా ఇంటికే మనిషి వచ్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ళకు చావు కబురు మోసేదీ నాయినే. కాళ్ళు పగిలేలా తిరిగినా పైస ఇచ్చేవాళ్ళు కాదు. మా మాదిగ గూడెంలో 'ఊరికెనే' అంటే అర్థం ఒక్కటే, వెట్టి. అందుకే, పుస్తకాలు ఊరికెనే చదువుకునేటట్టు వెబ్‌సైటు పెట్టానని చెప్తే మా అవ్వ సంతోషపడలేదు.

"మీ నాయిన చేసింది చాలదా బిడ్డా? నువ్వు గూడ వెట్టి జెయ్యాల్నా?" అన్నది.

అవ్వకు గ్రంథాలయం సంగతి చెప్పాను. ఏడో తరగతిలో ఒకసారి పుస్తకం కోసం పోయాను. ఇంటికియ్యాలంటే డిపాజిట్ కట్టాలన్నారు, తెలిసినవాళ్ళ సంతకం తెమ్మన్నారు. దానికన్నా ముందు "ఎవరి పిలగానివిరా?" అని అడిగారు. చెప్పాను. నా చేతిలోని పుస్తకం మళ్ళీ బీరువాలోకి పోయింది. నా సైటు ఎవరినీ ఆ ప్రశ్న అడగదు. పేరక్కర్లేదు, ఊరక్కర్లేదు. ఏటా పేరుకూ సర్వరుకూ కట్టే డబ్బు నా జీతంలోంచి పోతుంది.

మొదట అంబేడ్కర్ ఇంగ్లీషు రచనలు పెట్టాను. మన చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకాలకు ఆయన పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. అంబేడ్కర్ 1956లో పోయారు. అట్లాంటివి 2017 జనవరి 1 నుంచి అందరివీ అయినాయి. తెలుగు అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరే ఉంటుంది. జాషువా 1971లో పోయారు, ఆయన కోసం 2032 దాకా ఆగాలి. లాహోరు సభ రద్దయితే 1936లో అంబేడ్కర్ 'కుల నిర్మూలన' ప్రసంగాన్ని తానే అచ్చు వేయించుకున్నారు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. మనవాళ్ళకు అచ్చు ఎప్పుడూ సొంత ఖర్చే.

మా జిల్లాలోనే ఒక పెద్దాయన 1990లలో బర్రెను అమ్మి కవితల పుస్తకం వేసుకున్నాడు. ఇప్పుడెక్కడా దొరకదు. నాకొక ప్రతి దొరికింది. అప్పటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు, పాత ఫైలు దొరికినా అక్షరాలు గజిబిజి. అందుకని నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని టైపు చేసి సైటులో పెట్టాను. మంచి పని చేశాననుకున్నాను. ఆయనను మాత్రం అడగలేదు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది.

"మా తాతల పాటలు తీసుకపోయి ఎవరెవరో పేర్లేసుకున్నరు. అప్పుడు గూడ మమ్ముల ఎవ్వరడగలే. నువ్వు మనోనివే గద తమ్మీ, నువ్వు గూడ అడగవా?"

నా నోట మాట రాలేదు. ఆ రాత్రే పుస్తకం తీసేశాను. ఆదివారం బస్సెక్కి ఆయన ఇంటికి పోయాను. "తప్పయింది పెద్దయ్యా" అన్నాను. చాయ పోయించాడు. నేను టైపు చేసిన కాగితాలు ముందేసుకుని ఒత్తులు పోయినచోటల్లా ఎర్ర పెన్నుతో సున్న చుట్టాడు. పిల్లల నోటుబుక్కులు దిద్దే నాకు ఆ సున్నలు లెక్కపెట్టుకోడానికే సిగ్గయింది.

"ఇవి దిద్దినంక పెట్టు. పైసలొద్దు. మా గూడెం పేరు మాత్రం ముందు పేజీల ఉండాలె."

ఉన్నది.

ఇప్పుడు అడగకుండా ఏదీ పెట్టను. మా బడి పిల్లల రచనలు కూడా అంతే, పిల్లనూ అడుగుతాను, ఇంట్లోవాళ్ళనూ అడుగుతాను. పోయినేడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఇటుక బట్టీలో పనిచేసే వాళ్ళమ్మ గురించి రాసింది. నేను చదివిన పిల్లల రాతల్లో అంత మంచిది లేదు. పెడతానమ్మా అంటే "వద్దు సార్, అది మా అమ్మది" అన్నది. నోటుబుక్కు తిరిగి ఇచ్చేశాను.

ఈ సంగతులన్నీ అవ్వకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. గోడకు వేలాడే నాయిన డప్పు దిక్కు చూసి అన్నది:

"మీ నాయినను గూడ ఎవ్వరన్న ఒక్కసారి అట్ల అడిగితే, ఊరికెనే కొట్టునేమో బిడ్డా."