బాగేపల్లివాడికి తెలియొద్దా?

బెల్జియం అంటే ఫ్రెంచి అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే తేల్చేసుకున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆర్నెల్లపాటు శని, ఆదివారాలు డబ్బు కట్టి ఫ్రెంచి నేర్చుకుని, 2018 సెప్టెంబరులో లూవెన్ చేరాను. నాకు సీటొచ్చిన విశ్వవిద్యాలయం 1425 నాటిది. కృష్ణదేవరాయలు పుట్టకముందే అక్కడ పాఠాలు మొదలయ్యాయి.

మొదటి పొద్దున మా గది కింది రొట్టెల అంగడికి వెళ్ళి, నేర్చుకున్న ఫ్రెంచిలో నమస్కారం చెప్పి రొట్టె అడిగాను. అంగడామె ఇంగ్లీషులో జవాబిచ్చింది. మర్నాడూ అంతే. నా ఉచ్చారణ బాగాలేదేమోనని ఆ రాత్రి అద్దం ముందు నిలబడి మరీ సాధన చేశాను. మూడోనాడు ఎంతో శ్రద్ధగా పలికాను. ఆమె చిల్లర నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

పక్కగది అబ్బాయి ఈ కథ విని పడీపడీ నవ్వాడు. "ఇంగ్లీషు మాట్లాడు, ఎవరూ ఏమీ అనుకోరు. డచ్ రెండు ముక్కలొస్తే సంతోషిస్తారు. ఫ్రెంచి మాత్రం వద్దు" అన్నాడు. దేశానికి ఉత్తరాన డచ్, దక్షిణాన ఫ్రెంచి. లూవెన్ ఉన్నది డచ్ వైపు, సరిహద్దుకు కాస్త ఇవతల. ఒకప్పుడు ఈ విశ్వవిద్యాలయంలో రెండు భాషల్లోనూ చదువు చెప్పేవారట. ఫ్రెంచి భాషవాళ్ళు వెళ్ళిపోవాలని డచ్ విద్యార్థులు వీధికెక్కారు. ఆ గొడవలో 1968లో దేశ ప్రభుత్వమే పడిపోయింది. విశ్వవిద్యాలయం రెండయింది. ఫ్రెంచి భాగం సరిహద్దు దాటి, పొలాల్లో కొత్త ఊరే కట్టుకుని తరలిపోయింది. దానికి పెట్టుకున్న పేరూ కొత్త లూవెన్ అనే, వాళ్ళ భాషలో.

గ్రంథాలయం సంగతి ఇంకా విచిత్రం. 1914లో జర్మన్ సైన్యం దాన్ని తగలబెట్టింది. మళ్ళీ కడితే 1940లో మళ్ళీ కాలింది. ఆ మంటల తర్వాత మళ్ళీ కూడిన పుస్తకాలను, విశ్వవిద్యాలయం రెండైనప్పటి పంపకంలో, గూటి నంబరు సరిసంఖ్య అయితే ఒకరికి, బేసి అయితే ఇంకొకరికి అని పంచుకున్నారు. మా పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే, బావిని కొయ్యలేరు కాబట్టి నీళ్ళకు వంతులేసుకుంటారు. అంత చదువుకున్నవాళ్ళకు ఆపాటి ఉపాయం తోచలేదు.

పక్కగది అబ్బాయి నవ్వాడు గానీ నాకు సిగ్గేసింది. భాషల రగడ ఎరగని చోటునుంచి వచ్చినవాణ్ణయితే సరే. మాది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున బాగేపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. చింతామణిలో టమాటా బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. మా వైపు యోగి కైవారం తాతయ్య రెండిట్లోనూ పాడాడు. సంగటి ముద్ద బస్సారులో ముంచేటప్పుడు అది ఏ భాష కూడో ఎవరూ అడగరు. ఇంతా చేసి, బెంగళూరు హాస్టల్లో ఎవడైనా వచ్చీరాగానే హిందీ అందుకుంటే మొహం చిట్లించినవాణ్ణి నేనే. అదే మొహం రొట్టెల అంగడిలో ఎదురైతే పోల్చుకోలేకపోయాను.

రెండో తప్పు డబ్బుతో ముడిపడింది. అక్కడ అద్దెకు దిగగానే నగరపాలక కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. ఆ తర్వాత ఆ పేట పోలీసు ఇంటికొచ్చి, మనం నిజంగా అక్కడే ఉన్నామా అని చూసిపోతాడు. ఈ మాట ఫోనులో చెప్పగానే అమ్మ గొంతు మారిపోయింది.

"పోలీసోళ్ళా? ఏం జేసినావురా ఆడ?"

ఏమీ చెయ్యలేదు. చెయ్యవలసిందే చెయ్యలేదు. కాలింగ్ బెల్ పక్కన నా పేరు అంటించుకోవాలి కదా! ముందు అద్దెకున్నవాడి పేరు అలాగే ఉంది. మా పల్లెలో ఇంటిముందు నిలబడి కేక వేస్తే చాలు, తలుపుకు పేరెందుకు? పోలీసు వచ్చాడు, నా పేరు కనపడక చీటీ వేసి పోయాడు. డచ్‌లో ఉన్న ఆ చీటీని నేను పిజ్జా ప్రకటన అనుకుని చిత్తుకాగితాల్లో పారేశాను. నివాస కార్డు ఆలస్యమైంది. కార్డు లేక బ్యాంకు ఖాతా ఆగిపోయింది. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు అమ్మి నాయన ఇచ్చిన డబ్బు కరిగిపోయి, పక్కగదిలో అప్పు చేశాను. కార్డు వచ్చిందా అని నాయన అడిగిన ప్రతిసారీ వచ్చిందనే చెప్పాను. అదొక్కటి తెలియక చేసిన తప్పు కాదు.

లియేజ్‌లో ఉన్న స్నేహితుణ్ణి చూడబోయి రైలు వదులుకున్నదీ ఆ రోజుల్లోనే. బోర్డు మీద ఎల్, యూ, ఐ, కే అని నాలుగక్షరాలున్నాయి. డచ్‌లో లియేజ్ పేరు అదే. కన్నడ బోర్డు బస్సూ తెలుగు బోర్డు బస్సూ చూసుకుని హిందూపురం పోయివచ్చినవాడికి ఆపాటి అనుమానమైనా రావద్దూ!

చివరికి బెల్ పక్కన పేరు అంటించాను. కార్డు వచ్చింది. ఒక పొద్దున అంగడామెకు డచ్‌లో శుభోదయం చెప్పాను. ఆమె డచ్‌లోనే గలగలా ఏదో అంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చిల్లర మాత్రం చేతికే ఇచ్చింది.

ఇదంతా జరిగిన ఏడేళ్ళకు, 2025 జూలైలో నందిబెట్ట మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగర అని మార్చాలని తీర్మానించింది. 'పల్లి' అంటే తెలుగు వాసనేస్తుందనేవాళ్ళు మా దగ్గరా ఉన్నారు. నాయనకు ఫోను చేసి ఏమంటావని అడిగాను.

"ఏమనేది? బస్సోళ్ళు ఇంకా బాగేపల్లి, బాగేపల్లి అనే అరస్తా ఉండారు" అన్నాడు.