ఒకే పంక్తి, వేర్వేరు విస్తళ్లు

పుదుచ్చేరి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉత్తరంగా పది కిలోమీటర్లు దాటితే కాలాపేట. చుట్టూ తమిళనాడు, మధ్యలో పుదుచ్చేరి పాలనలోని చిన్న ముక్క. 1985లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం వల్ల బయటివారికి ఆ పేరు తెలుసు. సముద్రం వైపు మాత్రం ఊరు జాలర్లదే. పడవలు ఒడ్డెక్కాక వలల్లోంచి పళ్లెంలాంటి చేపలు ఇసుకలో పడుతుంటాయి. ఇక్కడివారు వాటిని తిరుక్కై అంటారు, తెలుగు తీరంలో టేకు చేపలు. 1803లో విశాఖ చేపల మీద పుస్తకం ప్రచురించిన పాట్రిక్ రస్సెల్ వీటి తెలుగు పేర్లనే నమోదు చేశాడు. ముట్టుకుంటే షాక్ కొట్టేదాని పేరు ‘తిమిరి’.

చాలావాటికి నోరు పొట్ట కిందే, ఎక్కువగా తిరిగేది అడుగునే. మరి తిండి కోసం కొట్లాట రాదా? చాలావరకు రాదు. మచ్చల డేగ టేకుకు పళ్లు పలకల్లా ఉంటాయి, ఆల్చిప్పల్ని, నత్తల్ని నమిలి పిండి చేస్తుంది. సీతాకోకచిలుక ఆకారపు టేకు చిన్న చేపల్ని పడుతుంది. తిమిరి ఇసుకలోని పురుగుల్ని పీల్చుకుంటుంది. దెయ్యపు టేకు అడుగు వదిలి పైకొచ్చి, నీటిని వడగట్టి ప్లవకాలు తింటుంది. మన మత్స్య గణాంకాల్లో ‘స్కేట్లు’గా లెక్కించే గిటార్ చేపలకు పీతలు, రొయ్యలు ఇష్టం. ఒకే జాతిలోనూ పిల్లల తిండి వేరు, పెద్దల తిండి వేరు.

పేచీ అంతా రొయ్య దగ్గరే. కొరడా తోక టేకుల నుంచి గిటార్ చేపల దాకా చాలామంది చేతులు చాచేది దానికే. పుష్కలంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు, కొరత వస్తేనే పోటీ. ఆ కొరత తెచ్చేది మనిషి. రొయ్యల కోసం అడుగును ఊడ్చే ట్రాలు వల తిండినీ, తినేవాటినీ కలిపే ఎత్తుకుపోతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు సెలవు. రొయ్య త్వరగానే కోలుకుంటుంది. డేగ టేకుకు ఒక కాన్పులో పుట్టేవి కొద్ది పిల్లలే. దానికి రెండు నెలలు ఏ మూలకు?

వాటిలో అవి విస్తళ్లు పంచుకోవడం ఎప్పుడో నేర్చుకున్నాయి. పంక్తిలో ఆఖరున వచ్చి కూర్చున్నవాడే ఇంకా నేర్చుకోలేదు.